బిగ్ మేమీ కడుపులో ఒక రాత్రి: కాసాబ్లాంకా యుద్ధాన్ని ఆడి చూసిన నా అనుభవం

నౌకాయుద్ధాల వార్‌గేమ్‌లు, అంటే బల్ల మీద నమూనా నౌకలతో, పాచికలతో నడిపే యుద్ధాలు, ఆడడం నాకు పదకొండేళ్లుగా ఉన్న అలవాటు. ఈ పదకొండేళ్లలో ‘బిగ్ మేమీ’ అని ముద్దుపేరున్న యూఎస్‌ఎస్ మసాచుసెట్స్ అనే యుద్ధనౌకను నేను కనీసం ఇరవైసార్లు నడిపి ఉంటాను, మూడుసార్లు ముంచి కూడా ఉంటాను. అయితే ఆ నౌక పొడవు 8.6 సెంటీమీటర్లు. ఒకటికి 2400 స్కేలులో పోతపోసిన ఆ సీసపు నమూనాను నేనే రంగు వేసి, దూది పరిచిన డబ్బాలో దాచుకుంటాను. 680 అడుగుల అసలు నౌక అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో, ఫాల్ రివర్ అనే ఊరి దగ్గర, బ్రాగా వంతెన పక్కన ‘బ్యాటిల్‌షిప్ కోవ్’ మ్యూజియంలో 1965 నుంచి సందర్శకుల కోసం నిలిచి ఉంది. మా వార్‌గేమ్ మిత్రబృందం నిరుడు శరత్కాలంలో అక్కడ ఒక రాత్రి బసకు అనుమతి తీసుకుని, ఆ నౌక పాల్గొన్న మొదటి యుద్ధాన్ని ఆ నౌకలోనే ఆడాలని నిశ్చయించినప్పుడు నేను ముందూ వెనకా ఆలోచించకుండా పేరు ఇచ్చేశాను.

ఆ యుద్ధం 1942 నవంబరు 8న మొరాకో తీరంలో, కాసాబ్లాంకా రేవు ఎదుట జరిగింది. ఉత్తర ఆఫ్రికాలో అమెరికా సేనలు దిగుతుండగా, జర్మనీకి లొంగిన ఫ్రాన్స్‌లోని విషీ ప్రభుత్వానికి విధేయంగా ఉన్న ఫ్రెంచి నౌకాదళం ఎదురు తిరిగింది. రేవులో నిర్మాణం పూర్తికాని ఫ్రెంచి యుద్ధనౌక జాఁ బార్ ఉంది; దాని పెద్ద ఫిరంగుల్లో పనిచేసేది నాలుగు గొట్టాల టరెట్ (ఫిరంగులను అటూ ఇటూ తిప్పే కవచపు గది) ఒక్కటే. అదే సంవత్సరం మే 12న సేవలోకి వచ్చిన మసాచుసెట్స్, ఆరు నెలలైనా నిండకముందే, సుమారు 24,000 గజాల దూరం నుంచి ఆ నౌక మీద కాల్పులు మొదలుపెట్టింది. ఆ రోజు మొత్తం 786 పదహారంగుళాల గుళ్లను పేల్చింది. జాఁ బార్‌కు తగిలినవి అయిదు, వాటిలోనూ కొన్ని పేలలేదు. అయినా ఆ దెబ్బలకు ఫ్రెంచి టరెట్ తిరగకుండా బిగుసుకుపోయింది. ఈ లెక్కను నేను ఎన్నోసార్లు చదివాను. ఆటలో పాచికలు వేసి పదే పదే గురి తప్పినప్పుడు నిబంధనలు రాసినవారిని తిట్టుకునే కొత్త ఆటగాళ్లకు ఈ అంకెలే చెబుతుంటాను.

మేము పద్నాలుగు మందిమి శనివారం మధ్యాహ్నం చేరుకున్నాము. నమూనాల డబ్బాలు, కొలటేపులు, పటాలు, పరుపు సంచులు మోసుకుంటూ ర్యాంపు ఎక్కుతుంటే నాకు మొదట కనిపించింది ఫిరంగులు కాదు, నేల. టేకు పలకలు పరిచిన ముందు డెక్కు ముక్కు వైపు కొద్దిగా పైకి లేస్తూ పోతుంది. దాని మీద నిలబడి వెనక్కి చూస్తే మూడేసి గొట్టాల టరెట్లు రెండు ఒకదాని వెనక ఒకటి, వాటి వెనక అంచెలంచెలుగా గోపురంలా లేచిన నిర్మాణం, దాని శిఖరాన గురి చూసే డైరెక్టర్ గది. ఆ గదికీ నీటికీ మధ్య ఉన్న ఎత్తు వల్లనే, దిగ్మండలం అంచున ఉన్న నౌకను ఇది ముందుగా చూడగలిగేది. నా సీసపు నమూనాలో ఆ గది ఆవగింజంత ఉంటుంది. దానికి నేను ఎప్పుడూ సరిగ్గా రంగు కూడా వేయలేదు.

చీకటి పడేలోగా నౌక చూపించడానికి మ్యూజియం స్వచ్ఛంద సేవకుడు ఒకరు వచ్చారు. డెబ్బై దాటిన మనిషి. నిచ్చెనలు మాత్రం మాకంటే వేగంగా దిగారు. టరెట్ లోపలికి తీసుకువెళ్లినప్పుడు మాలో మాటలు ఆగిపోయాయి. ఒక్కో గుండు బరువు 2,700 పౌండ్లు, అంటే 1,200 కిలోల పైమాట. దాని వెనక పట్టు గుడ్డ సంచుల్లో నింపిన మందు, ఆరు సంచులు, వరసగా నెట్టాలి. ఇదంతా మూడు గొట్టాల వెనకా, గోడకు గోడకు మధ్య ఒక మనిషి పక్కకు తిరిగి నడవవలసినంత ఇరుకులో, అర నిమిషంలో జరగాలి. నా ఆటలో ఒక ఎత్తు, అంటే ఒక వంతు, యుద్ధంలో మూడు నిమిషాలకు సమానం. ఆ మూడు నిమిషాల్లో తొమ్మిది ఫిరంగులు గరిష్ఠంగా 54 గుళ్లు పేలుస్తాయని పట్టికలో రాసి ఉంటుంది. ఆ అంకె కోసం ఎంతమంది ఏకబిగిన తప్పు చేయకుండా ఉండాలో ఆ ఇరుకులో నిలబడితే తప్ప ఊహకు అందదు.

నాకు ఎక్కువ పనికి వచ్చింది మాత్రం అడుగున, కవచపు డెక్కు కింద ఉన్న ప్లాటింగ్ గది, అంటే గురి లెక్కలు కట్టే గది. కిటికీ లేదు, ఉండడానికి వీలూ లేదు. మధ్యలో వంటింటి పొయ్యిగట్టు ఎత్తున ఒక పెద్ద ఇనుప పెట్టె. దాని ముఖం నిండా ముళ్లు, చక్రాలు, అంకెల కిటికీలు. దాని పేరు రేంజ్ కీపర్. ఫోర్డ్ ఇన్‌స్ట్రుమెంట్ కంపెనీ తయారుచేసిన యాంత్రిక గణనయంత్రం అది. పళ్లచక్రాలు, వంకర అంచుల క్యాములు లోపల తిరుగుతూ లెక్క కడతాయి. తన నౌక దిశ, వేగం దానంతట అదే అందుకుంటుంది. శత్రువు దూరం, దిక్కు పైనున్న డైరెక్టర్, రాడార్ చెబుతాయి. శత్రువు ఏ వైపు ఎంత వేగంతో పోతున్నాడో మాత్రం మనిషి అంచనా వేసి తిప్పాలి. అంచనా సరైనదైతే యంత్రం చూపే దూరమూ పైనుంచి వచ్చే దూరమూ కలిసి నడుస్తాయి, లేకపోతే విడిపోతాయి, అప్పుడు మళ్లీ సవరించాలి. ఇంత శ్రమ ఎందుకంటే, 24,000 గజాలు ప్రయాణించడానికి గుండుకు సుమారు 40 సెకన్లు పడుతుంది. 36 నాట్ల వేగంతో పరుగెత్తే డిస్ట్రాయర్ అనే చిన్న యుద్ధనౌక ఆ 40 సెకన్లలో 700 మీటర్లకు పైగా జరిగిపోతుంది. కాబట్టి ఫిరంగి ఎప్పుడూ శత్రువు మీద గురిపెట్టదు, శత్రువు ఉండబోయే నీటి మీద గురిపెడుతుంది.

పక్కనే నౌక ఊగిసలాటను కొలిచే మరో యంత్రం ఉంది, దానికి పిస్తోలు పిడి వంటి మీటలు ఉన్నాయి. ఒకటి నొక్కితే కాల్చబోతున్నామని నౌకంతటా హెచ్చరిక మోగుతుంది, మరొకటి నొక్కితే ఫిరంగులు పేలుతాయి. పెద్దాయన నన్ను ఆ పిడి పట్టుకోనిచ్చారు. ఇత్తడి చల్లగా ఉంది, వేళ్లు ఆనే చోట నునుపు తేలింది. దాన్ని పట్టుకుని నిలబడ్డ మనిషి యుద్ధమంతా జరిగినా ఒక్క శత్రు నౌకనూ చూసి ఉండడు. అతనికి తెలిసినవి అంకెలు, చెవికి కట్టుకున్న ఫోనులో మాటలు. ఆ ఫోన్లకు బ్యాటరీ అక్కరలేదు, మాట్లాడే గొంతు కంపనమే విద్యుత్తు పుట్టిస్తుంది. నౌకలో కరెంటు పోయినా మాట పోకూడదన్న జాగ్రత్త అది. ఆ కాసాబ్లాంకా యుద్ధం జరిగిన వారంలోపే, పసిఫిక్‌లో గ్వాడల్‌కనాల్ దగ్గర, దీని తోబుట్టువు సౌత్ డకోటాకు సరిగ్గా రాత్రి యుద్ధం మధ్యలో కరెంటు పోయింది.

మామూలుగా మేము ఆడే పద్ధతిలో అందరూ ఒకే బల్ల చుట్టూ నిలబడతారు. శత్రువు నౌకలు కళ్లెదుట ఉంటాయి. కనిపించనట్టు నటించాలి, ఎవరూ నటించరు. దానికి తోడు స్కేలు చిక్కు ఉంది. నమూనాల స్కేలులోనే దూరాన్ని కూడా కొలిస్తే 24,000 గజాలకు తొమ్మిది మీటర్ల బల్ల కావాలి, అందుకని నౌకలకు ఒక స్కేలు, సముద్రానికి మరో స్కేలు పెట్టుకుని సర్దుకుంటాము. ఫలితంగా బల్ల మీద రెండు నౌకలు ముక్కులు రాసుకుంటున్నట్టు కనిపిస్తాయి, లెక్కలో మాత్రం వాటి మధ్య రెండు కిలోమీటర్లు ఉంటుంది. కొత్తవాళ్లకు ఇది నవ్వులాటగా ఉంటుంది, న్యాయంగా చూస్తే నవ్వులాటే.

ఈసారి మా రిఫరీ ఆ పద్ధతిని పక్కన పెట్టాడు. ఫాల్ రివర్‌కు సుమారు 30 కిలోమీటర్ల దూరంలో, రోడ్ ఐలండ్‌లోని న్యూపోర్ట్‌లో అమెరికా నేవల్ వార్ కాలేజీ ఉంది. అక్కడ విలియం మెకార్టీ లిటిల్ అనే నౌకాధికారి చొరవతో 1880లలో మొదలైన యుద్ధక్రీడలు రెండు ప్రపంచ యుద్ధాల మధ్య పెద్ద హాళ్ల నేల మీద గళ్లు గీసి ఆడేదాకా పెరిగాయి. అక్కడ ఆటగాళ్లు తెరల వెనక ఉండేవారు. తమ నౌకలకు కనిపించగలిగినంతే వారికి చూపించేవారు. జపాన్‌తో యుద్ధంలో కామికాజే దాడులు తప్ప మిగతావన్నీ ఆ గదుల్లో ముందే ఆడేసినవేనని, ఆ యుద్ధంలో పసిఫిక్ నౌకాదళాన్ని నడిపిన అడ్మిరల్ నిమిట్జ్ తరువాతి కాలంలో చెప్పుకున్నాడు. మా రిఫరీ ఆ తెరల పద్ధతినే తీసుకుని, తెరలకు బదులు నౌక గోడలను వాడుకున్నాడు. అసలు పటమూ నమూనాలూ అధికారుల భోజనశాలలో ఉంటాయి, అక్కడ రిఫరీ, అతని సహాయకులు మాత్రమే ఉంటారు. అమెరికా పక్షం రెండు అంతస్తుల కింద నావికుల భోజనశాలలో, ఫ్రెంచి పక్షం నౌక వెనక భాగంలోని మరో గదిలో కూర్చుంటాయి. వార్తలు, ఆజ్ఞలు చీటీల మీదే నడవాలి. చీటీలు మోయడానికి మాతో వచ్చిన ఇద్దరు కాలేజీ విద్యార్థులు ఒప్పుకున్నారు. చివరి నిబంధన అన్నిటికంటే కఠినమైనది: గంట మోగేసరికి ఆజ్ఞ అందకపోతే నౌక పాత దిశలోనే, పాత వేగంతోనే పోతూ ఉంటుంది.

నాకు మసాచుసెట్స్, క్రూజర్లు (మధ్యతరహా యుద్ధనౌకలు) టస్కలూసా, విచిటా, నాలుగు డిస్ట్రాయర్లు ఇచ్చారు. చరిత్రలో ఆ దళాన్ని నడిపినవాడు రియర్ అడ్మిరల్ గిఫెన్. అతని మీద పాత విమర్శ ఒకటి ఉంది: జాఁ బార్‌తోనూ, ఎల్ హాంక్ దిబ్బ మీది తీర ఫిరంగులతోనూ తలపడుతూ పడమటికి దూరంగా జరిగిపోయాడనీ, ఆ సందులో ఫ్రెంచి డిస్ట్రాయర్లు రేవు దాటి, ఈశాన్యాన ఫెదాలా వద్ద సైన్యాన్ని దింపుతున్న రవాణా నౌకల వైపు తీరం వెంట పరుగెత్తాయనీ. ఆగస్టా, బ్రూక్లిన్ అనే క్రూజర్లు డిస్ట్రాయర్లతో అడ్డుపడి ఆపవలసి వచ్చింది. ఆటకు ముందు నేను మా జట్టుతో కొంచెం గొప్పగానే అన్నాను, ఈ ఒక్క తప్పు మాత్రం మనం చేయబోవడం లేదు అని.

రాత్రి ఏడున్నరకు ఆట మొదలైంది. పైన గొట్టాలు, వైర్ల కట్టలు వేలాడే తక్కువ ఎత్తు కప్పు కింద, పొడవాటి బల్ల మీద మా దగ్గర ఉన్నది ఒక ఖాళీ పటం, పెన్సిల్, కోణమాపకం. మొదటి రెండు ఎత్తులు హాయిగా సాగాయి. మూడో ఎత్తులో చీటీ వచ్చింది: ‘ఎడమవైపు 300 గజాలలో నీటి స్తంభాలు నాలుగు. ఎల్ హాంక్ నుంచి కావచ్చు.’ నాలుగో ఎత్తులో, ‘రెండు వైపులా నీటి స్తంభాలు.’ అయిదో ఎత్తులో, ‘ఆగ్నేయంగా దట్టమైన పొగ, దూరం తెలియదు.’ ఎల్ హాంక్‌లో 194 మిల్లీమీటర్ల ఫిరంగులు నాలుగు ఉన్నాయనీ, అవి నా కవచపు పట్టీని ఛేదించలేవనీ నాకు తెలుసు. ఆ రోజు అసలు మసాచుసెట్స్‌కు రెండే గుళ్లు తగిలాయనీ, ఒక్కరూ చనిపోలేదనీ కూడా తెలుసు. అయినా ‘రెండు వైపులా’ అన్న మాట, అంటే శత్రువుకు గురి కుదురుతోందన్న మాట, చదివిన తరువాత నా చేయి తనంతట తానే పడమటి దిశ రాసింది. దూరం పెంచుకుని తిరిగి వద్దామనుకున్నాను. ఆ పొగను రేవులో మండుతున్న వ్యాపార నౌకలదిగా లెక్క కట్టి పటం మీద చిన్న సున్న చుట్టాను. గిఫెన్ చేసిన తప్పును పూర్తిగా చేసి ముగించడానికి నాకు పట్టింది తొమ్మిది నిమిషాల ఆట కాలం, గంట సేపు నిజమైన కాలం.

పొగ వెనక నుంచి డిస్ట్రాయర్లు బయలుదేరిన సంగతి ఎనిమిదో ఎత్తులో తెలిసింది. వెంటనే తూర్పుకు తిరిగి అడ్డు పడదామని ‘దిశ 080, వేగం 27’ అని రాసి పంపాను. మా చీటీలు మోసే అబ్బాయి అప్పటికి పదిహేడోసారి ఆ నిచ్చెనలు ఎక్కుతున్నాడు. ఈ నౌకలో తలుపుల గడపలు మోకాటి కిందిదాకా ఉంటాయి, నీరు ఒక గది నుంచి మరో గదిలోకి పోకుండా. ఆ గడపకు కాలి ఎముక కొట్టుకుని అతడు ఒక నిమిషం కూలబడ్డాడట. చీటీ మాత్రం సమయానికే అందింది. కానీ హడావుడిలో నేను రాసిన ఎనిమిది ఎడమవైపు కలవలేదు. రిఫరీకి అది మూడులా కనిపించింది, అతడు నౌకను 030 దిశలో నడిపాడు. నేను తీరానికి సమాంతరంగా దూసుకుపోతున్నానని అనుకుంటూ బహిరంగ సముద్రంలోకి పోతున్నాను. 27 నాట్ల వేగంలో ఒక్కో ఎత్తుకు రెండున్నర కిలోమీటర్లు. తప్పు నాకు తెలిసేసరికి రెండు ఎత్తులు గడిచాయి. నావికులు ప్రతి అంకెనూ విడివిడిగా పలికి, విన్నవాడు తిరిగి చెప్పేదాకా వదలరని నేను ఎన్నోచోట్ల చదివాను. అది వట్టి మిలిటరీ లాంఛనమని అనుకునేవాడిని.

తరువాతి గంట గురించి పెద్దగా చెప్పడానికి లేదు. దూరం నుంచి కాల్పులు, పాచికలు, గురి తప్పడాలు, ఒక్క మంచి దెబ్బ. పదహారంగుళాల గుండు ఒకటి ఫూగూ అనే డిస్ట్రాయర్‌కు తగిలి ముంచింది. చరిత్రలో కూడా ఆ నౌక మునిగింది మసాచుసెట్స్, టస్కలూసాల కాల్పులకే కాబట్టి మా జట్టులో కొంచెం కేకలు వినిపించాయి. ఫ్రెంచి పక్షాన్ని నడుపుతున్నది నా పాత మిత్రుడు, మన తెలుగువాడే. నౌక గోడల గుండా మా కేకలు విని చీటీ వెనక తెలుగులో రాసి పంపాడు: ‘ఏం గురూ, ఒక్కదాన్ని పట్టుకుని అంత సంబరమా? మిగతా ఆరూ ఎక్కడున్నాయో చూసుకో.’ నిబంధనల ప్రకారం అది శత్రువుతో అక్రమ సంభాషణ. రిఫరీకి తెలుగు రాదు కనుక చెల్లిపోయింది.

రాత్రి పదకొండు గంటలకు దీపాలు ఆర్పాలన్నది బస నియమం. సరిగ్గా పది యాభైకి ఫ్రెంచి డిస్ట్రాయర్లు రెండు ఫెదాలా ఎదుట టార్పెడోలు వదిలాయి. ఫలితం తేల్చడానికి సమయం లేదు. రిఫరీ టార్పెడోల దారులు గీసిన కాగితాన్ని మడిచి, కవరులో పెట్టి, జేబులో వేసుకుని పడుకోవడానికి పోయాడు.

గొలుసులకు వేలాడే ఇనుప మంచాలు నిలువునా ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. నాకు మధ్యది దక్కింది. వెల్లకిలా పడుకుంటే పై మంచపు గుడ్డ ముక్కుకు జానెడు దూరంలో ఉంది. పక్కకు ఒత్తిగిలాలంటే భుజం పట్టదు. ఎక్కడో పంపు ఒకటి ఆగి ఆగి తిరుగుతోంది. నిద్ర పట్టక, ఆ ఆరు ఎక్కడున్నాయో, టార్పెడోలు ఏ కోణంలో వదిలి ఉంటాడో బుర్రలోనే పటం గీసుకుంటూ చాలాసేపు మేలుకుని ఉన్నాను. కింది మంచంలో ఉన్న మిత్రుడు మాత్రం గాఢంగా గురక పెట్టాడు.

పొద్దున్న ఏడింటికి అందరమూ అధికారుల భోజనశాలలో, మొదటిసారి అసలు పటం చుట్టూ చేరాము. నా పెన్సిల్ పటాన్ని దాని పక్కన పెట్టి చూశాము. నా నౌక ఎక్కడుందని నేను అనుకున్నానో, నిజంగా ఎక్కడుందో వాటి మధ్య తేడా నాలుగున్నర కిలోమీటర్లు. శత్రువుల విషయంలో పోల్చడానికే ఏమీ లేదు. వ్యాపార నౌకల మంటలని నేను సున్న చుట్టిన చోటి నుంచే ఏడు డిస్ట్రాయర్లూ వరసగా బయటికి వచ్చాయి. జాఁ బార్ టరెట్ బిగుసుకుపోయిందని మూడో ఎత్తులో వచ్చిన వార్తను కూడా నేను శాశ్వతమని నమ్మి ఆ నౌకను లెక్కలోంచి కొట్టేశాను. నిజానికి ఫ్రెంచివాళ్లు ఆ టరెట్‌ను బాగుచేసి, పాడైనట్టే కదలకుండా ఉంచి, నవంబరు 10న ఆగస్టా మీద హఠాత్తుగా పేల్చారు. మా మిత్రుడు కూడా దాన్ని బాగుచేయిస్తూనే ఉన్నాడు. ఆట ఇంకొంచెం సాగి ఉంటే ఆ గుళ్లు నా మీద పడేవి.

రిఫరీ కవరు తెరిచాడు. ఎనిమిది టార్పెడోలు, నాలుగు లోతు తక్కువ నీటిలో ఇసుకకు గుచ్చుకున్నాయి, రెండు నౌకల మధ్య నుంచి పోయాయి. మిగిలిన రెంటికీ పాచికలు వేయవలసి ఉంది. ముంచవలసిన నౌకలు నా పక్షానివే కనుక పాచికలు నన్నే వేయమన్నారు. మొదటిది తప్పింది. రెండోది ఒక రవాణా నౌక మధ్య భాగాన తగిలింది. అసలు యుద్ధంలో ఆ రోజు ఫ్రెంచి నౌకలు ఒక్క రవాణా నౌకను కూడా ముంచలేకపోయాయి; ఫెదాలా వద్ద మునిగినవి నవంబరు 11, 12 తేదీల్లో జర్మన్ జలాంతర్గాముల దెబ్బకు మునిగాయి. మిత్రుడు ఆ నమూనాను తన చేతులతో పక్కకు వాల్చి, దాని మీద దూది పొగ అతికించాడు. చీటీలు మోసిన అబ్బాయి కమిలిన కాలి మీద ఐసు సంచి పెట్టుకుని, అసలా ఎనిమిది ఎలా రాశారో చూస్తానన్నాడు. రిఫరీ దాచి ఉంచిన చీటీని తీసి ఇచ్చాడు. అబ్బాయి దాన్ని కిటికీ వెలుతురుకు అటూ ఇటూ తిప్పి చూసి, మూడే అన్నాడు.